దాచమన్న పాట

జూన్ 2
రేవు బస, మేడమీద గది

మా రేడియోకి,

మామయ్య దీవెనలు. ఈ ఊరు చేరి వారం కావస్తోంది. ఊరి పేరు ఎప్పటిలాగే నా రాతలో ఉండదు, నువ్వూ పెట్టకు. కవరు మీద ముద్ర చూసి నీకు తెలిస్తే చాలు. పేరు పెట్టి రాసిన ఊళ్ళు ఆ తర్వాత ఏమయ్యాయో చూశాను. ఒకప్పుడు నేను ఒంటరిగా దిగిన మెట్లదారి మీద ఇప్పుడు అందరూ ఫోను చాచి వెనక్కి నడుస్తున్నారు.

ఇది లాంచీలు ఆగే రేవు. నా గది కిందే టిక్కెట్ల కిటికీ. లాంచీ వచ్చినప్పుడల్లా రెండు కూతలు వేస్తుంది. మొదటిది నిండుగా ఉంటుంది, రెండోది గొంతు పట్టేసినట్టు మధ్యలోనే ఆగిపోతుంది. బాగుచేయించరాదా అని నడిపే సరంగుని అడిగాను. "బాగుచేయిస్తే ఇది మా లాంచీయే అని ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు. ఈ ఉత్తరంతో పంపుతున్న టేపు మొదటివైపు ఆ కూత ఉంది, వినిపించుకో.

నా ప్రయాణాల రాతల మీద మీ ఆఫీసువాళ్ళు పంపిన సలహాలు చదివాను. వారపత్రిక బతికున్న రోజుల్లో నేను ఒక ఊరు చేరడానికి రెండు పేజీలు పట్టేది. దారిలో బండి చెడిపోవాలి, ఎవరినో అడగాలి, ఆయన తప్పు చెప్పాలి. ఇప్పుడు మీ పాటల యాప్‌లో మూడో వాక్యానికల్లా ఊళ్ళో ఉండాలట. ఊరు కూడా చదవక్కర్లేదట, చెవిలో వినిపిస్తే చాలట. సరే, నేను రాస్తాను, నువ్వు కత్తిరించుకో, నా టేపుల్లో చప్పుళ్ళు కలుపుకో. నీ ఉద్యోగం కోసం ఒప్పుకున్నాను గానీ ఫోను మాత్రం కొనను. ఫోనుంటే దారి అడగం. దారి అడగకపోతే నాకు రాయడానికి మనుషులే దొరకరు.

అసలు సంగతి టేపు రెండోవైపు ఉంది. ఈ బస వెనకాల ఇస్త్రీ గది. అక్కడ దుప్పట్లూ దిండు గలీబులూ ఇస్త్రీ చేసే ఆవిడ పాడుకుంటుంది. తల కొంచెం పక్కకి వాల్చి, ఇస్త్రీ పెట్టె బుసల్లో కలిసిపోయేంత సన్నగా పాడుతుంది. "మడత మీద మడత వేసి మాట ఒకటి దాచినాను" అని ఎత్తుకుంటుంది. వాళ్ళ అమ్మమ్మ కట్టిన పాటట. ఇంతకాలం తిరిగాను, ఇలాంటిది ఇంకెక్కడా వినలేదు.

దీన్ని జాగ్రత్తగా దాచు. దీని వెనక చాలా కథ ఉంది, రాద్దామంటే కింద టపా సంచి మూతి కట్టేస్తున్నారు. మీ అమ్మతో నా మోకాలి గురించి చెప్పకు.

నీ మామయ్య

---

జూన్ 6
పాటల ఆఫీసు, నాలుగో అంతస్తు

మామయ్యకి,

రేడియో నమస్కారాలు. నీ మోకాలి సంగతి అమ్మకి చెప్పేశాను, క్షమించు, మీరంతా పెట్టిన ముద్దుపేరే అలాంటిది.

ఇక్కడ టేపు ఆడించే యంత్రం ఎవరి దగ్గరా లేదు. నీ పాత టేపు రికార్డరుని ఇంటి నుంచి మోసుకొచ్చాను. పక్క సీటు అబ్బాయి చూసి, "ఇది రేడియోనా, ఇటుకా?" అని అడిగాడు. రేడియో నేను, ఇటుక మా మామయ్య అన్నాను.

మామయ్యా, నేను రోజంతా పాటలు పెడతాను గానీ వినను. మొదట్లో కాస్త విని "వాన", "వంట", "ప్రయాణం", "నిద్ర" అని చీటీ అంటించి పక్కకి నెట్టేయడమే. వినేవాళ్ళూ అంతే. పల్లవి రాకముందే వేలితో తోసేస్తారు. మా గోడ మీద పెద్ద తెర ఉంది, ఎంతమంది ఏ క్షణంలో తోసేశారో అందులో గీతలా కిందకి జారుతుంటుంది. చీటీలు అంటించే పని కూడా యంత్రం నేర్చేసుకుంటోంది. నా కుర్చీ ఎన్నాళ్ళుంటుందో అనుకుంటున్న సమయంలో నీ టేపు వచ్చింది. రెండోవైపు పెట్టాక నా చెయ్యి ఆగిపోయింది. ఏ చీటీ అంటించాలో తెలియలేదు.

నువ్వు చెప్పినట్టే దాచాను. యాప్‌లో తెలుగు పెట్టినప్పుడు, నచ్చినది అట్టిపెట్టుకునే గుర్తుకి మావాళ్ళు "దాచు" అని పేరు పెట్టారు. మామూలువాళ్ళు నొక్కితే అది వాళ్ళ ఫోన్లో ఉంటుంది. నీ ప్రయాణాల పేజీ నడిపేది నేను కనుక, నేను నొక్కితే ఆ పేజీ వినేవాళ్ళందరికీ చేరిపోతుంది. లాంచీ కూత ముందు పెట్టి, ఇస్త్రీ గది గురించి నువ్వు రాసిన ముక్క చదివించి, తర్వాత పాట వదిలాను. ఊరి పేరు పెట్టలేదు, ఒట్టు.

ఏం జరిగిందనుకున్నావు? తెర మీద గీత జారలేదు! చివరిదాకా విన్నారు. వాళ్ళూ దాచుకున్నారు, స్నేహితులకి పంపారు. ఇవాళ బస్సులో నా ముందు సీటులో ఎవరో ఇదే కూనిరాగం తీస్తుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా మేనేజరు నా సీటు దాకా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ అలా రావడం మునుపెన్నడూ ఎరగను. "ఎక్కడిదీ చప్పుడు?" అని మా యాప్‌లో ఒక ఆట ఉందిలే, అందులో ఆ లాంచీ కూత పెట్టి ఊరు కనిపెట్టమంటున్నారు జనం.

ఆవిడ పేరు రాయి మామయ్యా, పాట కింద వేద్దాం. ఇంత గొంతు ఇస్త్రీ గదిలో పడి ఉండటం అన్యాయం.

నీ రేడియో

---

జూన్ 6
రేవు బస

రేడియోకి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆ రోజు టపా సంచి తొందరలో రాయలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఆవిడని అడిగి, రాయమన్నంత మేరకే రాస్తున్నాను.

ఆవిడ భర్త ఒక ఆర్కెస్ట్రా నడుపుతాడు. ఈవిడని పాడించేవాడు. పాట బాగుంటే పేరు ఆయనది, బాగుండకపోతే దెబ్బలు ఈవిడవి. ఒకసారి చెంప మీద కొట్టిన దెబ్బకి ఎడమచెవి పోయింది. తల పక్కకి వాల్చి పాడుతుందని రాశానే, అందుకు. కుడిచెవితో తన గొంతు తాను వినడానికి అలా వాలుస్తుంది. నేను దాన్ని సొగసు అనుకున్నాను. సిగ్గుగా ఉంది.

ఒకరోజు చంటిపిల్లని ఎత్తుకుని వచ్చేసింది. ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది. ఇన్నేళ్ళూ ఆయన వెతుకుతూనే ఉన్నాడు. ఆయన చెవి మహా పదునైనదట. గుంపులో ఎవరు శ్రుతి తప్పినా చెయ్యి పట్టుకుని పక్కకి లాగేవాడట. "నా మొహం మర్చిపోయినా మర్చిపోతాడు గానీ, నా గొంతు మర్చిపోడండీ" అంది. ఈ పాట తప్ప అమ్మమ్మది అంటూ ఆవిడకి ఏమీ మిగల్లేదు. అందుకే బతకడానికి పాడుతుంది, ఇస్త్రీ పెట్టె చప్పుడు చాటున పాడుతుంది. పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు పెదవి విప్పదు. పిల్లకి వస్తే వీధిలో పాడేస్తుందని భయం.

టేపు చేసుకోనా అని అడిగినప్పుడు, ఎవరు వింటారు అంది. నా మేనకోడలు ఒక్కతే అన్నాను. గలీబు ఒకటి మడతపెట్టి, "అయితే ఆ అమ్మాయిని దాచమనండి" అంది. అదే నీకు రాశాను. నీ చెవి దాటి ఎక్కడికీ పోకూడదు.

మోకాలు బాగానే ఉంది.

నీ మామయ్య

---

జూన్ 9
ఆఫీసులో, నా సీటు దగ్గర

మామయ్యా,

నీ రెండో ఉత్తరం ఇప్పుడే చదివాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

దాచు అంటే అట్టిపెట్టుకోమన్నావనుకున్నాను. అందరికీ పంచిపెట్టాను.

పాట తీసేశాను. పేజీలో ఇప్పుడు లేదు. కానీ ఎవరెవరు దాచుకున్నారో వాళ్ళ ఫోన్లలో ఉంది, అక్కడి నుంచి వెనక్కి లాక్కోవడం నా చేతుల్లో లేదు, మేనేజరు చేతుల్లోనూ లేదు. నీ రోజుల్లో అయితే దుకాణానికి వెళ్ళి టేపులన్నీ కొనేసి తగలబెట్టేదాన్ని.

ఇంకా ఉంది. మొన్న పాట కింద ఒకాయన రాశాడు: "ఈ గొంతు మా ఇంటిది. ఈమె ఎక్కడుంది?" పాపం, తప్పిపోయిన మనిషి దొరికిందేమోనని సంబరపడ్డాను మామయ్యా. "మా మామయ్య ఊరి పేర్లు చెప్పరండీ, లాంచీ రేవు ఉన్న చోటు" అని జవాబు ఇచ్చాను. పైగా ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను.

ఆ ఆటలో ఊరు కనిపెట్టేశారు. లాంచీ ఇంజన్లు బాగుచేసే ఆయన ఎవరో, ఆ రెండో కూత విని, గొట్టం పగిలిన లాంచీ ఇదొక్కటే అని ఊరి పేరుతో సహా రాసేశాడు. నేను చూసి చెరిపేసేలోగా సాయంత్రమంతా అక్కడే ఉంది. నువ్వు జీవితమంతా చెప్పకుండా దాచిన పేరు ఒక కూత చెప్పేసింది.

ఆవిడని ఆ ఊరి నుంచి పంపెయ్. ఎక్కడికైనా సరే. ఉత్తరం అందగానే పంపెయ్.

నీ రేడియో

---

జూన్ 9
రేవు బస

అమ్మాయ్,

నీ ఆరో తేదీ ఉత్తరం అందింది. చదివి కాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయాను.

దాచమంటే దండోరా వేశావు. ముందూ వెనకా చూడవా? పాట వినిపిస్తే చాలు, అది ఎవరిదీ, ఎందుకు పాడిందీ మీకు అక్కర్లేదు. గీత జారకపోతే చాలు. ఒక మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతుంటే, "ఇస్త్రీ గదిలో పడి ఉండటం అన్యాయం" అని రాస్తావా? ఆవిడకి ఆ గదే దిక్కు.

బస ఫోను నుంచి నీకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే కట్ చేశావు. మామయ్యతో మాట్లాడటానికి కూడా తీరిక లేకపోతే మంచిదే. ఇక నా టేపులు నీకు రావు. నా రాతలూ రావు.

ఆవిడకి చెప్పాలి కనుక చెప్పాను. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, అలాగే చూస్తూ, "ఎంతమంది విన్నారు?" అంది. చాలామంది అన్నాను. మెల్లగా, "బాగుందన్నారా?" అంది. బాగుందన్నారమ్మా, చివరిదాకా విన్నారట అన్నాను. తల దించుకుని మళ్ళీ పనిలో పడింది. అప్పుడు ఆవిడ మొహంలో కనిపించింది భయం ఒక్కటే అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

వెళ్ళిపోదాం, నేను తోడొస్తాను అన్నాను. "ఎన్ని ఊళ్ళు మారనండీ? పిల్లకి ఇక్కడే ఇద్దరు స్నేహితులు దొరికారు" అంది. ఎంత చెప్పినా కదలదు. నువ్వు మాత్రం ఇటు రాకు. నీ వెనకాల ఎవరొస్తారో తెలియదు.

మామయ్య

---

జూన్ 12
ఆఫీసు

మామయ్యకి,

నీ తిట్లు అందాయి. సగం నాకు రావలసినవే. మిగతా సగం తిప్పి పంపిస్తున్నాను, తీసుకో.

దాచు అని ఒక్క మాట రాశావు. ఏ దాచో రాయలేదు. లాంచీ కూతకీ, సరంగు జోకుకీ, నా ఆఫీసుని వెక్కిరించడానికీ పేజీ సరిపోయింది గానీ, "ఎవరికీ వినిపించకు" అన్న రెండు మాటలకి టపా సంచి అడ్డం వచ్చిందా? ఇక ఫోను సంగతి. తెలియని నంబరు నేను ఎత్తను, ఈ రోజుల్లో ఎవరూ ఎత్తరు. నీ ఉత్తరం చూశాక ఆ నంబరుకి తిరిగి చేశాను. ఎవరో ఎత్తారు. "ఎవరండీ?" అన్నాను. ఊపిరి వినిపించింది, పెట్టేశారు. తర్వాత మోగడమే లేదు. నన్ను వెలివేశావనుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మీ మెట్లే కాదు, మా మెట్లూ పనికొస్తాయి.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఆ ఆర్కెస్ట్రా ఆయన మా కంపెనీకి రాశాడు. బాణీ తనదేనట, పాట కింద తన పేరు వేయాలట. ఎప్పుడో తన కార్యక్రమంలో ఆవిడ చేత పాడించిన ముక్క పంపాడు. మావాళ్ళు ఒప్పేసుకున్నారు. నేను అరిచాను, ఎవరూ వినలేదు. చెప్పడానికి నా దగ్గర ఉన్న నిజం చెప్పకూడని నిజం అయిపోయింది. నిన్న నాకు విడిగా రాశాడు: "రేవు దొరికింది. వెళుతున్నాను. మీ మామయ్యగారిని కూడా కలుస్తాను." ఎంత మర్యాదగా రాశాడో!

నేను చేయగలిగింది ఒక్కటే ఉంది, చేసేశాను. నిన్ను అడగలేదు, అడిగే దారి లేదు. పాటని వెనక్కి లాగలేనప్పుడు, గుంపులోకి తోసేశాను. మొన్ననే మొదలుపెట్టాను. "ఈ పాట మీరు పాడి పంపండి, మీ పనిచోట పాడండి, మీ వీధి చప్పుడుతో సహా పంపండి" అని పేజీలో పెట్టాను. మామయ్యా, వరదలా వస్తున్నాయి. కుట్టు మిషను దగ్గర ఒకావిడ, ఆసుపత్రి గుడ్డలు ఉతికే చోట ఇద్దరు, బడి పిల్లలు తరగతికి తరగతి. రేవులున్న ఊళ్ళవాళ్ళని ప్రత్యేకంగా అడిగాను, వాళ్ళ లాంచీ కూతలు, గొంతు పట్టేసినవైనా సరే, ముందు పెట్టి పంపమని. సన్నగొంతుతో తల వాల్చి పాడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు ఇప్పుడు తెలిసింది. ప్రతిదానికీ నేనే కూర్చుని చీటీ అంటించి నీ పేజీలో వరసగా పెడుతున్నాను. ఎవరైనా ఆ పాట వెతికితే ఆవిడ గొంతు ముందుగా దొరకదు. మేనేజరు మాత్రం నన్ను మెచ్చుకుంటోంది. ఎందుకు చేస్తున్నానో ఆవిడకి తెలియదు.

ఇది సరిపోతుందో లేదో తెలియదు. మీ ఊళ్ళో కూడా పాడుతున్నారా? భయంగా ఉంది. ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే, రాయి.

రేడియో

---

జూన్ 16
రేవు బస, మేడమీద గది

మా రేడియోకి,

ముందు ఇది చదువు: ఆవిడ క్షేమం. పిల్ల క్షేమం. ఊపిరి పీల్చుకుని మిగతాది చదువు.

నీ పన్నెండో తేదీ ఉత్తరం నాకు టపా మనిషి బస ముందుగదిలో ఇచ్చాడు. అక్కడే విప్పి చదువుతున్నాను. "రేవు దొరికింది, వెళుతున్నాను" అన్న చోటికి వచ్చి తల ఎత్తేసరికి, ఎదురు కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర వాయిద్యం పెట్టె. అప్పుడే లాంచీ దిగాడు. ఉత్తరం కిందకి తోసి దాని మీదే కూర్చున్నాను.

మనిషి చూడటానికి ఎంత నెమ్మదో! తెల్లచొక్కా, తుడుచుకున్న చెప్పులు. బస యజమానితో, "ఇక్కడ ఇస్త్రీ చేసే ఆవిడ ఒకరు పాడతారటండీ" అన్నాడు. ఫోను తీసి పాట పెట్టాడు. మన టేపే. ఇస్త్రీ పెట్టె బుసలూ, ఆవిడ గొంతూ ఆ గదిలో మోగుతున్నాయి. తెర వెనకాల ఇస్త్రీ గదిలో నిజం చప్పుడు ఆగిపోయింది. అది నాకు వినిపించింది. ఆయనకి కూడా వినిపించిందేమోనని నేను గట్టిగా దగ్గాను.

యజమానికి సంగతి తెలుసు, ముందే చెప్పి ఉంచాను. అయినా ఆయన అబద్ధం ఆడవలసిన అవసరం రాలేదు.

"ఇదా? చంపుకు తింటున్నారండీ ఈ పాటతో! టిక్కెట్ల కిటికీ అమ్మాయి ఇదే, సరంగు ఫోన్లో ఇదే, మా ఆవిడ వంటింట్లో ఇదే. నాలుగు రోజులుగా చెవులు తూట్లు పడుతున్నాయి."

"ఈ గొంతు ఎవరిదో చెప్పండి చాలు."

"ఏ గొంతని చెప్పనండీ? నిన్న కుట్టు మిషనుతో ఒకటి వచ్చింది. ఇవాళ పొద్దున్న ఇంకో లాంచీ కూతతో ఒకటి వచ్చింది. మీరేది అడుగుతున్నారు?"

ఆయన ఏదో అనబోయాడు. అప్పుడే గుమ్మంలోకి పిల్ల వచ్చింది. బడి సంచీ ఊపుకుంటూ, పైకే పాడుకుంటూ వచ్చింది. మడత మీద మడత వేసి... తల పక్కకి వాల్చి పాడుతోంది, రేడియో. అచ్చం వాళ్ళమ్మలాగే. పనిలో ఉన్న తల్లి తల వాల్చి ఉండటం పుట్టినప్పటి నుంచీ చూస్తోంది కదా. లేచి అడ్డం వెళదామంటే నా మోకాలు, ఆ దిక్కుమాలిన మోకాలు, పట్టేసింది.

"ఇటు రా పాపా" అన్నాడు. వెళ్ళింది. "ఆ పాట ఎవరు నేర్పారు?"

"మా బళ్ళో అందరూ పాడతారు. మీకు రాదా?"

"మీ అమ్మ పాడుతుందా?"

"మా అమ్మకి పాటలు రావు" అంది పిల్ల.

అబద్ధం కాదు. ఆ పిల్లకి తెలిసినంతలో అదే నిజం.

ఆయన పిల్ల మొహంలోకి చూశాడు. ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను. చివరికి, "రెండో పాదంలో శ్రుతి తప్పుతున్నావు" అని, తాను పాడి వినిపించి, పిల్ల చేత మళ్ళీ పాడించాడు. సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. గొంతు బాగుంది రేడియో, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత ఫోను జేబులో వేసుకుని, "ప్రతి రేవులోనూ ఇదే పాట, ఇలాంటి కూతే. ఇది కాదు, వేరే రేవు అయి ఉంటుంది" అని పెట్టె ఎత్తుకున్నాడు. నా పేరు కూడా అడగలేదు. సాయంత్రం లాంచీలో వెళ్ళిపోయాడు. రెండో కూత ఆగిపోయేదాకా నేను మెట్ల మీద నిలబడే ఉన్నాను. తన కూతురికి పాట దిద్ది, తన కూతురని తెలియకుండా వెళ్ళిపోయాడు. నాకు జాలి వేసింది, జాలి వేసినందుకు నా మీద నాకు కోపమూ వచ్చింది.

తెర తీసి లోపలికి వెళితే ఆవిడ తెర పక్క గోడకి కుడిచెవి ఆనించి నిలబడి ఉంది. భయంతో ఏడుస్తోందనుకున్నాను. "మా అమ్మకి పాటలు రావు అందండీ" అంది.

ఆ రోజు ఆవిడ ఇస్త్రీ గది కిటికీలు రెండూ తెరిచింది. ఇస్త్రీ పెట్టె ఆపేసింది. పిల్లని గలీబుల గుట్ట మీద కూర్చోబెట్టి, గొంతెత్తి పాడింది. నేను విన్న పాట ఇది కాదు, ఇంత గొంతు ఆవిడలో ఉందని నాకు తెలియదు. వీధిలో పోతున్న పిల్లలు అందుకున్నారు. పెద్దవాళ్ళు ఒక్కరూ తల తిప్పి చూడలేదు. ఎందుకు చూస్తారు, అందరిళ్ళలోనూ అదే పాట కదా.

ఆయన మళ్ళీ రాడని ఎవరూ చెప్పలేరు. ఆవిడకీ తెలుసు. "వస్తే వస్తాడు. ఇక నోరు మూసుకుని మాత్రం ఎదురుచూడను" అంది. ఫోను ఎత్తి పెట్టేసింది కూడా ఆవిడేనట. తెలియని ఆడగొంతు వినేసరికి, ఆయనే ఎవరి చేతో చేయించాడనుకుని వైరు పీకేసింది. నీ గొంతు అని చెబితే నాలుక కరుచుకుంది.

పాట కింద ఆయన పేరు వేశారన్న సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాక ఆవిడ నవ్వింది. మొదటిసారి చూశాను ఆ నవ్వు.

"చివరి చరణం లేకుండానా?"

టేపులో చివరి చరణం లేదట. ఆర్కెస్ట్రాలో కూడా ఎప్పుడూ పాడలేదట. "కొట్టేవాడికి అంతా ఎలా ఇస్తానండీ? మీరూ కొత్తవాళ్ళే కదా అప్పటికి. అమ్మమ్మ చివరిది నా దగ్గరే దాచుకున్నాను" అంది. నువ్వు దాచావు, నేను దాచమన్నాను, అసలు దాచింది ఆవిడ.

ఇప్పుడు నా సంగతి. నిన్ను అనరాని మాటలన్నాను. సగం నావే అని నువ్వు తిప్పి పంపినది అందింది, తీసుకున్నాను. నీ గుంపు లేకపోతే ఆవిడ ఒక్క గొంతే తల్లీపిల్లల్ని పట్టిచ్చేది. ఫోన్లని తిట్టే హక్కు నాకు సగం పోయింది, మిగతా సగం జాగ్రత్తగా వాడుకుంటాను. ఇకమీదట నా రాతల్లో ఊరి పేరే కాదు, ఊరి చప్పుడు కూడా ఉండదు. మీవాళ్ళకి నచ్చకపోతే మానేద్దాం. నీ కుర్చీకి ఏమైనా అయితే, నా రాతలు చదివేవాళ్ళకి టపాలోనే పంపుకుందాం, ఇక్కడ నాకు కవర్ల మీద చిరునామాలు రాసేవాళ్ళు కావాలి.

ఆవిడ పిల్లకి చివరి చరణం నేర్పుతోంది. నన్ను గదిలో ఉండనిస్తోంది గానీ టేపు రికార్డరు గుమ్మం బయట పెట్టమంటుంది. "మీ మేనకోడలిని రమ్మనండి, తనకీ వినిపిస్తాను" అంది. ఇప్పుడు రావచ్చు. లాంచీ ఎక్కు. ఫోను మీ అమ్మ దగ్గర వదిలి, దారి అడుగుతూ రా.

ఈసారి టేపు పంపడం లేదు. వచ్చి విను. విన్నాక దాచు.

ఏ దాచో నేనిక రాయక్కర్లేదు.

నీ మామయ్య